ఆ అమ్మాయిలను ఉత్త చేతులతో పంపొద్దు

పోయిన జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక పూటంతా కన్యస్త్రీల శిక్షణ మఠంలో గడిపాను. మా చెల్లెలి కూతురు అక్కడ ఉంటోంది. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రెండేళ్లు ఆస్పత్రిలో పనిచేసి, ఇష్టపడి మఠంలో చేరింది. మొదటి మాటపట్టు అయింది. అంటే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలకు మొదటిసారి కట్టుబడింది. ఈ ఏడాది ఆఖరులోగా ఇటలీ పంపుతారట. నేను పద్నాలుగేళ్లుగా మిలాన్‌లో ఉంటున్నాను కదా, "పెద్దమ్మా, ఒకసారి వచ్చి మా క్లాసు చూడు" అని పిలిచింది.

క్లాసంటే బెంచీలు, బోర్డు ఉంటాయనుకున్నాను. గది మధ్యలో ఒక మంచం, దాని మీద దుప్పటి కప్పుకుని డెబ్బై ఏళ్ల సిస్టర్ ఒకావిడ పడుకుని ఉన్నారు. ఆవిడ ఇరవై రెండేళ్లు ఇటలీలో వృద్ధాశ్రమాల్లో పనిచేసి వచ్చారు. ఆ పూట ఆవిడ అన్నం తిననని మొండికేసిన ముసలమ్మ. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి స్టీలు గిన్నె, చెంచా పట్టుకుని పక్కన నిలబడింది. "దోవే లే ఫా మాలే?" అని అడిగింది. ఎక్కడ నొప్పిగా ఉందండీ అని. సిస్టర్ గోడవైపు తిరిగి నోట్లోనే ఏదో గొణిగారు. అమ్మాయికి అర్థం కాలేదు. మళ్లీ అడిగింది, మళ్లీ అదే గొణుగుడు. మూడోసారికి గిన్నె పక్కన పెట్టేసి, మంచం అంచున కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. అప్పుడు సిస్టర్ లేచి కూర్చున్నారు. "ఇప్పుడు పెట్టు, తింటాను. అక్కడి ముసలివాళ్లు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడరమ్మా. కట్టుడు పళ్లు తీసేసి, వాళ్ల ఊరి యాసలో మాట్లాడతారు. అర్థం కాలేదని కంగారుపడి పారిపోకూడదు."

నాకు కళ్లు చెమర్చాయి. ఎందుకంటే ఇలాంటి శిక్షణ ఒక్క పూట కూడా లేకుండా వచ్చిన అమ్మాయిని నేను దగ్గరగా చూశాను.

పన్నెండేళ్ల కిందటి మాట. మా ఇంటి ఓనరు వాళ్ల అమ్మగారిని చూడటానికి మిలాన్ పక్కనే ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాను. వంటగది వైపు నుంచి "అబ్బా, కాలిందే!" అని వినబడింది. పరాయి ఊళ్లో అలా తెలుగు మాట చెవిన పడితే కాళ్లు ఆగుతాయా? వెళ్లి చూస్తే తెల్ల ముసుగులో ఇరవై ఆరేళ్ల పిల్ల. నల్గొండ జిల్లా. డిగ్రీ చదివింది, టీచరు కావాలనుకుంది. మిషన్ అంటే ఎక్కడో బడి లేని చోట పిల్లలకు చదువు చెప్పడం అనుకుని వచ్చింది. వచ్చిన రెండో రోజే వంటగదిలో పెట్టారు. తొమ్మిది నెలలైనా ఇటాలియన్ క్లాసుకు ఒక్కరోజు పంపలేదు. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. నాలుగో నెలలో వాళ్లమ్మ పోయారు, టికెట్ ఖర్చు కుదరదన్నారు. ఆ పిల్ల ఎవరినీ ఒక్క మాట అనలేదు. "దేవుని చిత్తం అక్కా" అని గిన్నెలు తోముకుంటూ ఉంది. నెలకో ఆదివారం కారప్పొడి పట్టుకుని వెళ్లేదాన్ని. ఏడాది తిరిగాక వెళితే, వేరే ఇంటికి మార్చామన్నారు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఫోన్ నంబరు తీసుకుందామంటే తనకంటూ ఫోనే లేదు. మళ్లీ ఆ పిల్ల గొంతు వినలేదు.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. కానీ అది దేవుని చిత్తం కాదు, మనుషులు పట్టించుకోకపోవడం. ఈ మాట నేను క్యాథలిక్ ఇంట్లో పుట్టి, జపమాల చెప్పుకుంటూ పెరిగినదాన్నిగా అంటున్నాను.

ఇది నా ఒక్కదాని బాధ కూడా కాదు. 1994లో రోమ్‌లో జరిగిన బిషప్పుల మహాసభలో (సినడ్‌లో) ఫిలిప్పీన్స్ బిషప్పులు దీని మీదే గట్టిగా మాట్లాడారు. విదేశీ సంస్థలు తమ దేశంలో మఠాలు తెరిచి, యూరప్‌లో ఖాళీ అవుతున్న ఇళ్లు నింపడానికి అమ్మాయిలను చేర్చుకుంటున్నాయని, అది నొవిసుల, అంటే మఠంలో కొత్తగా చేరి శిక్షణలో ఉన్న అమ్మాయిల వ్యాపారమని అన్నారు. 2013లో పోప్ ఫ్రాన్సిస్ మఠాల పెద్దలతో మాట్లాడుతూ ఆ మాటనే గుర్తుచేశారు. 2018 మార్చిలో వాటికన్ దినపత్రికకు అనుబంధంగా వచ్చే మహిళల మాసపత్రిక, ఇటలీలో చాలామంది సిస్టర్లు జీతం, వేళాపాళా లేకుండా చర్చి గురువుల (ఫాదర్ల) ఇళ్లలో వంట, బట్టలు ఉతకడం లాంటి పనులు చేస్తున్నారని రాసింది. చర్చివాళ్లే ఒప్పుకున్న సంగతి ఇది.

అలాగని "పాపం, పేదపిల్లల్ని మభ్యపెట్టి తీసుకుపోతున్నారు" అని ఇక్కడ ఇటలీలో మన తెలుగువాళ్ల విందుల్లో కొందరు తేలిగ్గా అనేస్తే నాకు కోపం వస్తుంది. మా చెల్లెలి కూతురికి గల్ఫ్‌లో నర్సు ఉద్యోగం చేతిదాకా వచ్చింది. వద్దనుకుంది. చర్చి నియమాల ప్రకారం పదిహేడేళ్లు నిండనిదే నొవిషియేట్‌లో, అంటే మాటపట్టుకు ముందుండే శిక్షణలో చేర్చుకోకూడదు. అందులో కనీసం 12 నెలలు గడవాలి. ఆ తర్వాత మూడేళ్లకు తగ్గకుండా తాత్కాలిక మాటపట్టు, అదీ అయ్యాకే నిత్య మాటపట్టు, అంటే జీవితాంతం కట్టుబడటం. ఇన్ని మెట్లెక్కి నిలబడిన మనిషిది గట్టి నిర్ణయం. దాన్ని జాలితో కొలవడం అవమానించడమే.

అసలు ఈ దారి ముందు అటునుంచి ఇటు పడింది. మిలాన్ నుంచి గురువులు నిజాం రాజ్యానికి వచ్చారు. టూరిన్‌లో మొదలైన సెయింట్ ఆన్స్ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ వచ్చి బడి పెట్టారు. హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో అమ్మమ్మ నుంచి మనవరాలిదాకా ఆ బళ్లలో చదువుకున్నారో లెక్కలేదు. మా గుంటూరు వాళ్లం మరిచిపోలేని మనిషి సిస్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో 1910లో డాక్టరు పట్టా పొంది, ఇంకా పైచదువు చదివి, 1920లో గుంటూరు వచ్చారు. ఆ రోజుల్లో కన్యస్త్రీలు వైద్యం చేయకూడదని చర్చి నిబంధన. ఆమెకు పోప్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఆమె ఇక్కడి ఆడపిల్లలకు కాంపౌండరు పని, మంత్రసాని పని, నర్సు పని నేర్పారు. 1943లో ఆమె మొదలుపెట్టిన క్యాథలిక్ ఆస్పత్రుల సంఘం ఆఫీసు ఇప్పుడు సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆమె డాక్టరుగా వచ్చారు, డాక్టరుగానే పనిచేశారు. ఆమెను తీసుకొచ్చి వంటగదిలో నిలబెట్టి ఉంటే గుంటూరు ఏం పోగొట్టుకునేదో ఊహించండి. మరి మన దగ్గర నర్సింగ్ చదివిన పిల్ల అక్కడికి వెళ్లి నర్సుగా పనిచేయాలంటే భాషా పరీక్ష, పట్టా గుర్తింపు అన్నీ కావాలి. వాటికి పట్టే ఏడాదో రెండేళ్లో ఖర్చు పెట్టడానికి ఇష్టపడని సంస్థకు ఆ పిల్లను పంపమని అడిగే హక్కు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర శిక్షణ చూసే సిస్టర్‌ను నేను ఇవన్నీ నిలదీసినట్టే అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఇటలీలో ఏ ఇల్లు, ఏ పని, వారానికి ఎన్ని గంటలు, ఎన్నేళ్లకు ఒకసారి ఇంటికి పంపుతారు, అమ్మానాన్నలకు ఏమైనా అయితే టికెట్ ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకుని, అమ్మాయి చదివి సంతకం పెట్టాకే వీసాకు వేస్తున్నామని చెప్పారు. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ల దగ్గరే. "విధేయత అంటే నోరు మూసుకోవడం కాదండీ. వినడానికి ముందు అడగడం కూడా నేర్పాలి" అన్నారు. ప్రతి మఠంలోనూ ఇలాగే ఉండాలని నా పట్టు. ఇది ఒక మంచి సిస్టర్ దయ మీద ఆధారపడే సంగతిగా మిగలకూడదు. పెద్దలు దీన్ని నియమంగా పెట్టాలి.

ఇక ఇటలీలో ఉంటున్న మన తెలుగువాళ్ల సంగతి. సాఫ్ట్‌వేర్ పిల్లలు దిగితే ఎయిర్‌పోర్టుకు వెళతాం, ఇల్లు దొరికేదాకా మన ఇంట్లో ఉంచుకుంటాం. అదే విమానంలో దిగిన తెలుగు సిస్టర్ మన లెక్కలోకి రాదు. ఉగాదికి ఒక్క సిస్టర్‌నైనా పిలిచామా? మన తెలుగు సంఘం ఏ మతానికీ చెందింది కాదని కొందరు అడ్డు చెబుతారు. నేను గుడికి గానీ చర్చికి గానీ చందా అడగడం లేదు. ఇక్కడ ఇటాలియన్ ధారాళంగా మాట్లాడే మనవాళ్లు ఆదివారం ఒక గంట వీడియో కాల్‌లో ఆ అమ్మాయిలతో మాట్లాడితే చాలు. వాళ్లు దిగాక, మఠానికి సంబంధం లేని ఒక తెలుగు ఇల్లు ఫోనుకు దొరికితే చాలు. ఒంట్లో బాగోలేదనో, మనసు బాగోలేదనో సొంత భాషలో చెప్పుకునే చోటు లేక ఆ నల్గొండ పిల్ల ఎంత నలిగిందో నేను చూశాను. మొదటి ఇల్లుగా నా ఇల్లు రాసుకోండి.

బయల్దేరేముందు మా అమ్మాయి గేటు దాకా వచ్చింది. అక్కడ ప్రతి ఒక్కరూ మూడు ఫోన్ నంబర్లు కంఠతా పట్టాలట: మఠానిది, ఇంటిది, బయటి మనిషి ఒకరిది. కాగితం పోవచ్చు, ఫోన్ పోవచ్చు, నోటికి వచ్చింది పోదు అంటారట సిస్టర్. "బయటి మనిషి నంబరు నీదే ఇచ్చాను పెద్దమ్మా, అప్పజెప్పనా?" అంది. గేటు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్కో అంకే ఇటాలియన్‌లో చెప్పుకుంటూ పోయింది. ఏడో అంకె దగ్గర తడబడింది. నేను అందివ్వబోతే చెయ్యి అడ్డంపెట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.