మా కొత్త బోరు నీళ్లకు, అనంతపురం నుంచి

మహారాజశ్రీ బోరు నీళ్ల వారికి,

తమరు క్షేమమని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం కరెంటు రాగానే కొత్త మోటారు వేసి, తమరి దర్శనం కోసం ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకుని నిలబడ్డాం. కాసేపు తెల్లటి రాతిపొడి బురద, ఆ తర్వాత తమరు. చెయ్యి పెడితే గోరువెచ్చగా! ట్యాంకులో ఎండకు కాగినవా అంటే కాదు, నేరుగా భూమిలోంచి వచ్చినవే.

కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించిన పెద్దాయన "300 అడుగులకే చల్లని గంగ" అన్నాడు. ఆయనకు వేరే లేఖ రాస్తాను. తమరు 300కి పలకలేదు, 500కి పలకలేదు, రిగ్గువాడు అడుగుకింతని లెక్క కడుతూనే ఉన్నాడు, 800 దాటాక కరుణించారు. నా బాధంతా అక్కడే. పది పదిహేను మీటర్లు దిగితే ఎండా చలీ అంటవు, ఏడాది పొడుగునా ఊరి సగటు వేడే, మనకైతే 27, 28 డిగ్రీలు. అందుకే గిలక బావి నీళ్లు మే నెలలో కూడా ఒంటికి హాయిగా ఉండేవి. ఇంకా కిందికి పోతే వంద మీటర్లకు ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. అంటే నేను అప్పు తెచ్చి మరీ అడుగడుగుకూ వేడి కొనుక్కున్నాను.

జర్మనీలోని బెర్లిన్, కొలోన్ నగరాల్లో అయితే లోతుతో పని లేకుండానే సెల్లార్లు, తారు రోడ్లు, డ్రైనేజీల వేడి దిగి ఊరి నడుమ భూగర్భ జలం చుట్టుపక్కల కంటే మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కిందట. అంత వేడెక్కీ పద్నాలుగో పదిహేనో! మాకవి ఫ్రిజ్ నీళ్లు.

ఉప్పు, ఫ్లోరైడు, బకెట్టుకు కట్టే తెల్ల పొర గురించి ఇప్పుడెత్తను.

ఇక మర్యాద చాలు. కిందంతా గట్టి రాయి, నువ్వుండేది పగుళ్లలోనే, ఏడాదంతా కలిపి పడేది 550 మిల్లీమీటర్ల వాన, అదీ సిమెంటు రోడ్డు మీద జారి మురికి కాలవలో కలుస్తోంది, అన్నీ ఒప్పుకుంటా. అయినా పక్క అపార్ట్‌మెంటు వాళ్లు వెయ్యి అడుగులు దింపితే వాళ్ల వెనకాలే దిగిపోతావా? పుట్టి పెరిగిన 40 అడుగుల దగ్గర నిలబడలేవా? సిగ్గనిపించలేదా?

సరే, వచ్చావు, అదే పదివేలు. డిసెంబరు తెల్లవారుజామున మాత్రం ఇదే వేడితో రా. గీజరు కోసం దాచిన డబ్బులు కూడా రిగ్గువాడికే పోసేశాను.