రబ్బీలు వద్దన్న ఉద్యమం

యూదులకు సొంత రాజ్యం కావాలన్న ఉద్యమం జియోనిజం. దాని మొదటి మహాసభ 1897లో జర్మనీలోని మ్యూనిక్‌లో జరగాల్సింది. ఊళ్లోని యూదులే ఒప్పుకోలేదు. జర్మనీలోని యూదు మతగురువుల, అంటే రబ్బీల, సంఘం పెద్దలు ఇంకో అడుగు ముందుకేసి బహిరంగ ప్రకటన ఇచ్చారు. పాలస్తీనాలో యూదు రాజ్యం కట్టాలనుకోవడం దేవుడు పంపే రక్షకుడు మెస్సీయ రాక గురించి తమ మతం చెప్పే మాటకు విరుద్ధమన్నారు. ఉద్యమ నాయకుడు థియోడర్ హెర్జల్ చేసేది లేక సభను స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు మార్చుకున్నారు. ఇజ్రాయెల్ పేరెత్తగానే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో చర్చ మతయుద్ధంగా మారిపోతున్న కాలం కాబట్టి ఈ పాత సంగతి గుర్తు చేస్తున్నాం. యూదు మతం వేల ఏళ్ల నాటిది. జియోనిజానికి ఒకటిన్నర శతాబ్దం కూడా నిండలేదు.

హెర్జల్ వియన్నాలో పేరున్న పత్రికా రచయిత. ఆచారాల పట్టింపు తక్కువ. 1895 డిసెంబరులో వియన్నా ప్రధాన రబ్బీ ఇంటికొచ్చేసరికి పిల్లల కోసం క్రిస్మస్ చెట్టుకు దీపాలు పెడుతున్నారు. రబ్బీకి అది మింగుడుపడలేదు. మరుసటి ఏడాది హెర్జల్ అచ్చువేసిన చిన్న పుస్తకంలో యూదు రాజ్యం ఎక్కడ ఉండాలో కూడా తేల్చలేదు. పాలస్తీనానా, అర్జెంటీనానా అన్న ప్రశ్నను అలాగే వదిలేశారు. మతగురువులు మాత్రం ప్రార్థన మందిరాలు దాటి రాకూడదని, సైన్యం బ్యారక్‌లలోనే ఉండాలని తేటగా రాశారు. ఆయన్ను ఈ దారి పట్టించింది భక్తి కాదు, యూరప్‌లో యూదుల బతుకు. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత యూదుల మీద వరసగా దాడులు జరిగాయి. ఆ మరుసటి ఏడాదే ఒడెస్సా డాక్టర్ లియోన్ పిన్‌స్కర్, ఎవరి దయా లేకుండా సొంత గడ్డ చూసుకోవాలని యూదులకు చెప్పారు. ఫ్రాన్స్‌లో చేయని నేరానికి సైనికాధికారి డ్రైఫస్‌ను 1894లో దేశద్రోహి అన్నారు. ఖండంలో ప్రతి జాతీ తనకో రాజ్యం కావాలంటున్న రోజులవి. యూదుల్లో కొందరు అదే అడిగారు.

1903లో బ్రిటన్ తూర్పు ఆఫ్రికాలో స్థలం ఇస్తానంది. ఇప్పటి కెన్యాలోని ఆ ప్రాంతం గురించిన ప్రతిపాదనకు ఉగాండా పథకమని పేరు పడింది. రబ్బీ రైనెస్ నడిపిన మిజ్రాహీ అనే మతవాద పక్షంలో ఎక్కువమంది ఆ ఆలోచనకు మొగ్గారు. ముందు మనుషుల ప్రాణాలు నిలబడాలి, మెస్సీయ సంగతి దేవుడు చూసుకుంటాడన్నది వాళ్ల లెక్క. ససేమిరా అన్నది మహాసభకు రష్యా నుంచి వచ్చిన ప్రతినిధులు. వాళ్లలో చాలామందికి ప్రార్థన అలవాటే లేదు, కానీ సీయోను, అంటే యెరూషలేము నేల, తప్ప ఇంకో నేల వద్దన్నారు. మాకు తోచినంతవరకు చిక్కంతా ఇక్కడే మొదలైంది. దేవుణ్ని పక్కన పెట్టిన ఉద్యమం, ఏ నేల తనదో చెప్పాల్సి వచ్చేసరికి దేవుడి పత్రాన్నే బయటకు తీసింది.

ఇందులో మనకు తెలిసిన పేరు ఒకటుంది. మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగ్. 1917లో భారత వ్యవహారాల మంత్రిగా ఉన్న ఎడ్విన్ మాంటేగ్ అప్పటి బ్రిటన్ మంత్రుల్లో ఏకైక యూదుడు. ఆగస్టు 20న భారత్‌కు బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామని ప్రకటించిన ఆయనే, మూడు రోజుల తర్వాత సహచర మంత్రులకు ఘాటైన పత్రం రాశారు. పాలస్తీనాను యూదుల దేశమంటే మిగతా దేశాల్లోని యూదులంతా పరాయివాళ్లుగా మిగులుతారని, ఈ విధానం యూదు ద్వేషులకే పనికొస్తుందని వాదించారు. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటును సమర్థిస్తూ నవంబరు 2న బ్రిటన్ ఇచ్చిన బాల్ఫోర్ ప్రకటన వెలువడే నాటికి ఆయన భారత్ ప్రయాణంలో ఉన్నారు. ఇతర దేశాల్లోని యూదుల హక్కులకు భంగం రాకూడదన్న మాట ఆ ప్రకటనలో చేరిందంటే ఆయన పోరు వల్లే. పాలస్తీనాలో పదింట తొమ్మిది వంతులున్న అరబ్బులను మాత్రం ఆ ప్రకటన పేరు పెట్టి పిలవలేదు. 'యూదులు కాని వర్గాలు' అని సరిపెట్టింది. వాళ్లకు పౌర, మత హక్కులే తప్ప రాజకీయ హక్కుల ఊసు లేదు. 1948 యుద్ధంలో దాదాపు 7 లక్షల మంది ఇళ్లు విడిచిపోయిన కథకు బీజం అక్కడే పడింది.

రాజ్యం చేతికందే సమయానికి మతానికి తలుపు తీసింది కూడా మతం పట్టనివాళ్లే. 1947 జూన్‌లో తర్వాత ఇజ్రాయెల్ తొలి ప్రధాని అయిన డేవిడ్ బెన్-గురియన్ అగుదాత్ ఇజ్రాయెల్ అనే సనాతన పక్షానికి రాసిన ఉత్తరంలో శనివారం సెలవు, ప్రభుత్వ వంటశాలల్లో మత నియమాల ప్రకారం తిండి, పెళ్లిళ్ల మీద రబ్బీల పెత్తనం, వాళ్ల బడులకు స్వేచ్ఛ వంటి హామీలిచ్చారు. 1948 మే 14 స్వాతంత్ర్య ప్రకటనలో దేవుడి పేరు ఉండాలని ఒకరు, ఉండకూడదని ఇంకొకరు పట్టుబడితే ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకునేలా 'ఇజ్రాయెల్ శిల' అని రాసి సర్దుకున్నారు. వేదపాఠశాలల్లాంటి యెషివాల్లో చదివే 400 మందికి సైనిక సేవ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు పెరిగి పెరిగి వేలమందికి పాకింది. 2024 జూన్ 25న సుప్రీంకోర్టు దానికి చట్టబద్ధత లేదని తేల్చాక ప్రభుత్వానికే టెన్షన్ పట్టుకుంది. ఇప్పటికీ అక్కడ సివిల్ మ్యారేజ్ లేదు. వేరు వేరు మతాల జంటలు సైప్రస్ వెళ్లి పెళ్లి చేసుకొస్తున్నారు.

1967 యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌ను ఆక్రమించాక ఇంకో మలుపు. రబ్బీ అబ్రహాం కుక్ బ్రిటిష్ కాలంలోనే, మతం పట్టని జియోనిస్టులు కూడా తెలియకుండా దేవుడి పనే చేస్తున్నారని బోధించారు. ఆయన కొడుకు శిష్యులు దాన్ని వెస్ట్ బ్యాంక్ కొండల మీద అమలుకు దిగారు. 1974లో అక్కడ కాలనీలు కట్టే గుష్ ఎమునిమ్ అనే ఉద్యమం పుట్టింది. అయితే ఆక్రమిత నేల మీద మొదటి కాలనీలకు పచ్చజెండా ఊపింది లేబర్ ప్రభుత్వమేనని మర్చిపోకూడదు.

ఎవరు యూదులో తేల్చే అధికారం కూడా చివరకు రబ్బీల చేతిలో పడింది. 1960లలో మన మహారాష్ట్ర నుంచి వెళ్లిన బెనె ఇజ్రాయెల్ యూదుల పెళ్లిళ్లకు అక్కడి మతాధికారులు అడ్డంకులు పెడితే వాళ్లు వీధికెక్కి పోరాడాల్సి వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని దళిత కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటూ దశాబ్దాలుగా యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. అలాగే తామూ ఇశ్రాయేలు గోత్రం వాళ్లమని చెప్పే మణిపుర్, మిజోరంల బెనె మెనాషేలకు దక్కిన గుర్తింపు వాళ్లకు దక్కలేదు.

మరోవైపు సట్మార్ హసీదుల్లాంటి సనాతన యూదులు మెస్సీయ రాకముందే రాజ్యం కట్టడం పాపమని ఈనాటికీ అంటున్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని తప్పుపడితే యూదు ద్వేషమనేవాళ్లు వీళ్లను ఏమంటారో చూడాలి. గాజా మీద కోపంతో ఎక్కడో ఉన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థన మందిరం, మీద రాళ్లేసేవాళ్లు కూడా అదే గందరగోళంలో ఉన్నారు, పైగా నేరం చేస్తున్నారు. బైబిల్‌లోని ఇశ్రాయేలునూ నెతన్యాహు ప్రభుత్వాన్నీ ఒకటి చేసి వేదికల మీద ప్రార్థనలు చేయించే మన పాస్టర్లు కూడా ఒకసారి ఆలోచించాలి. బెత్లెహేములో తరతరాలుగా ఉంటున్న పాలస్తీనా క్రైస్తవులు ఆ ప్రార్థనల్లో ఎక్కడా కనపడరు.

వెస్ట్ బ్యాంక్ కాలనీలు సరైనవా కావా అన్నది అంతర్జాతీయ చట్టం తేల్చాల్సిన విషయం. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. దాన్ని 12 నెలల్లో ముగించాలంటూ సెప్టెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో తీర్మానం పెడితే 124 దేశాలు అవునన్నాయి. భారత్ తటస్థంగా ఉండిపోయింది. ఆ రోజు మన ఓటు కూడా అటే పడి ఉండాల్సిందన్నది మా అభిప్రాయం.