టేకు బల్ల మీద నెయిల్ పాలిష్ ఒలికిందా? రిమూవర్ జోలికి వెళ్లకండి

గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వారంలో మూడోసారి అదే వీడియో వచ్చింది. చెక్క మీద నెయిల్ పాలిష్ ఒలికితే ఆరకముందే దూదిని రిమూవర్‌లో ముంచి గట్టిగా రుద్దాలట, నిమిషంలో మరక మాయమట. భయమైతే అసిటోన్ లేని రిమూవర్, అదీ లేకపోతే శానిటైజర్, ఆఖరికి టూత్‌పేస్ట్. కింద అందరూ దండాలు పెట్టేశారు. నేను పెట్టలేకపోయాను. మా టేకు భోజనబల్ల మీద అరచేయంత మచ్చ ఇలా రుద్దడం వల్ల వచ్చిందే.

మరక పోతుందన్నది నిజమే. దాంతోపాటు బల్ల పాలిష్ కూడా పోతుంది. నెయిల్ పాలిష్‌లో పొరగా గట్టిపడేది ఎక్కువగా నైట్రోసెల్యులోజ్. మన పాలిష్ మేస్త్రీలు చెక్కకు కొట్టే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్‌లో ఉండేదీ అదే. రిమూవర్‌లో ఉండి గోరు మీది పొరను కరిగించే అసిటోన్ బల్ల మీది పొరను వదిలేస్తుందా? పీయూ (పాలీయురెథేన్) పూత కాస్త తట్టుకుంటుంది గానీ, తడి దూదిని దాని మీదే ఉంచేస్తే అదీ వెలిసిపోతుంది.

అసిటోన్ లేనిదైతే ఫర్వాలేదనడం మరీ అన్యాయం. సీసా తిప్పి చదవండి, చాలావాటిలో ఇథైల్ అసిటేట్ ఉంటుంది. లాకర్‌ని అదీ కరిగిస్తుంది.

పాత ఇళ్లలో కుర్చీలకు, తలుపులకు లక్కను స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో, కరిగించి పూసేవారు. శానిటైజర్‌లో సగానికి పైగా ఆల్కహాలే, ఇక ఆ పూత ఏమవుతుందో వేరే చెప్పాలా! టూత్‌పేస్ట్ మరకను కరిగించదు, మెరుపును అరగదీస్తుంది, అంతే.

"మరి వీడియోలో పోయింది కదమ్మా?" అన్నారు పక్కింటి పిన్నిగారు. సన్‌మైకా అతికించిన బల్ల అయితే పోతుందండీ. గాజు మీదా, టైల్స్ మీదా పోతుంది. వీడియోలో అది ఏ బల్లో చెప్పనేలేదు.

ఇక ఆరకముందే రుద్దితే రూపాయి బిళ్లంత మరక విస్తరాకంత అవుతుంది. టిష్యూ అంచుతో పైపైన అద్దేసి, మిగతాది ఆరనివ్వండి. మర్నాడు పాత ఏటీఎం కార్డు అంచును ఏటవాలుగా ఆనించి మెల్లగా లేపితే చాలావరకు పెచ్చులుగా వస్తుంది. ఇంకా మిగిలితే అతి సన్నని స్టీల్ ఊల్‌కి మైనం పాలిష్ రాసి, చెక్క గీతల వెంబడి తేలిగ్గా రుద్దాలి. ముందు బల్ల అడుగున ఓ మూల చూసుకోండి, మెరుపు కొంచెం తగ్గుతుంది. కొండపల్లి బొమ్మ మీద పడితే మాత్రం ఈ రుద్దుడు కూడా వద్దు, బొమ్మ రంగే ఊడొస్తుంది.

మచ్చ వరకే పాలిష్ కొడితే రంగు కలవదని, బల్ల పైభాగమంతా గీకాలని మేస్త్రి చెప్పాడు. ప్రస్తుతానికి దాని మీద మ్యాట్ పరిచాం.