కంట్రోలర్ మీద నింద వేసే ముందు మీటర్ పెట్టండి

తిరుపతి, చిత్తూరు వైపు మెషిన్ ఓనర్ల ఫోన్లలో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: సెకండ్ హ్యాండ్ హిటాచీ మానిటర్‌లో ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ వచ్చిందంటే కంట్రోలర్ (బండి పనులు నడిపించే కంప్యూటర్ పెట్టె) పోయినట్టే. పైభాగం గిర్రున తిరిగే బండి కాబట్టి లోపల వైర్లు మెలికలు పడి తెగుతాయి, వెతకడం దండగ. కొనేటప్పుడు బ్యాటరీ వైరు కాసేపు పీకి పెట్టండి. ఎర్రర్ పోతే బండి మంచిది. పోకపోతే ఇంకో బండిలో తీసిన కంట్రోలర్ వేయించుకోండి, సగం ధరకు పని అయిపోతుంది. (మా వైపు ఎక్స్‌కవేటర్ ఏ కంపెనీదైనా హిటాచీయే. నేనూ అలాగే రాస్తాను.)

మెసేజ్ పెట్టినాయన మంచి మనసుతోనే చెప్పి ఉండొచ్చు. కానీ ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు కంట్రోలర్ సంగతి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. ఇప్పటి హిటాచీల్లో మామూలుగా ఇంజిన్‌కు ఒక కంట్రోలర్, పంపులకూ హైడ్రాలిక్స్‌కూ ఒకటి, క్యాబిన్‌లో మానిటర్ ఉంటాయి. ఇవి క్యాన్ అనే పద్ధతిలో రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ కార్ల కోసం తయారుచేసి 1986లో బయటపెట్టిన పద్ధతి అది. పెద్ద ఇంజిన్ల వైపు వాడే జె1939 ప్రమాణం దాని మీద కట్టిందే. కమ్యూనికేషన్ ఎర్రర్ అంటే, ఒక పెట్టె ఎదురుచూసిన సమాచారం దానికి వేళకు అందలేదని. అంతే. ఫోన్‌లో అవతలి గొంతు వినబడకపోతే మనిషే పోయాడని ఏడవం కదా, ముందు సిగ్నల్ చూసుకుంటాం. జె1939 కోడ్‌లలో 639 అనే నంబరు ఆ లైనుది. దాని పక్కన 9 ఉంటే సమాచారం రావాల్సిన వేగంతో రావడం లేదని అర్థం. ఏ పెట్టె చెడిందో ఆ కోడ్ చెప్పదు. పైగా ఎర్రర్ చూపిస్తున్న పెట్టె బతికి ఉంది కాబట్టే చూపిస్తోంది. మన దగ్గర చాలాసార్లు ముందు మార్చేది దాన్నే.

పెట్టె మీద చెయ్యి వేసే ముందు మామూలు మల్టీమీటర్‌తో చేసే పని ఒకటుంది. ఆ రెండు వైర్లకు రెండు కొనల్లో ఒక్కొక్క 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి లైను మీద ఎక్కడ కొలిచినా 60 దగ్గర రావాలి. తాళం ఆపి, బ్యాటరీ మెయిన్ స్విచ్ తీసేసి కొలవాలి. కరెంటు ఉండగా ఓమ్‌లు కొలిస్తే మీటర్ ఏదో ఒక అంకె చూపిస్తుంది, దాన్ని నమ్మితే తప్పుదారి పట్టినట్టే. తొమ్మిది పిన్నుల గుండ్రటి డయాగ్నస్టిక్ కప్లర్ (ల్యాప్‌టాప్ తగిలించి తప్పులు చూసే ప్లగ్) ఉన్న బండిలో సి, డి పిన్నుల మధ్య మీటర్ పెట్టాలి. 60 వస్తే మెయిన్ లైను తెగలేదు. 120 వస్తే ఒక కొన రెసిస్టర్ లేదు, లేదా మధ్యలో వైరు తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ ఎక్కడో అంటుకున్నాయి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ దూర్చారు.

ఈ 40 కనిపిస్తే నేను ముందు వెతికేది జీపీఎస్ పెట్టె కోసం, ఆ మూడో రెసిస్టర్ దాని లోపల ఉండొచ్చు కాబట్టి. కంతులు కట్టలేక సీజ్ అయిన బండ్లు చెన్నై, బెంగళూరు యార్డుల నుంచి మన వైపు చాలానే వస్తాయి. ఫైనాన్స్ వాళ్ల ట్రాకర్ సీటు వెనకో ఫ్యూజ్ బాక్స్ పక్కనో ఉంటుంది. పెట్టినవాడు ఈ లైను వైరు గీకి, దాని వైరు చుట్టి, టేపు వేసి పోతాడు. అమ్మేటప్పుడు కొందరు దాన్ని కత్తిరించి తీసేస్తారు, అప్పుడు 40 కనబడకపోయినా గీకిన చోటు మాత్రం అలాగే ఉంటుంది. నల్ల టేపు మీద కొత్త టేపు కనబడిందంటే విప్పి చూడండి. కంపెనీ హార్నెస్‌లో (వైర్ల కట్టలో) అలాంటి అతుకు ఉండదు.

అయితే 60 రాగానే సంబరపడిపోవద్దు. మెయిన్ లైను నుంచి ఒక పెట్టెకు పోయే కొమ్మ వైరు తెగినా 60 మారకపోవచ్చు. అందుకే తర్వాత తాళం తిప్పి, ఎర్త్‌తో వోల్టులు చూడాలి. సి పిన్ను 2.5 నుంచి 3 లోపల, డి పిన్ను 2 నుంచి 2.5 లోపల, రెండూ కలిపితే 5 దగ్గర ఉండాలి. ఏదైనా ఒకటి 24 వైపు పోయినా, సున్నాలో కూర్చున్నా, ఆ వైరు కరెంటుకో బాడీకో తగులుతోంది. అదీ బాగుంటే పెట్టెకు వచ్చే ప్లస్, ఎర్త్ చూడాలి, అదీ లోడ్ పెట్టి. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా మీటర్‌కు 24 చూపిస్తుంది. కప్లర్ ఊడదీసి 24 వోల్టుల ఇండికేటర్ బల్బు వెలిగించి చూస్తే దాని బండారం బయటపడుతుంది. ఎర్త్ బోల్టు కింద పెయింటు, తుప్పు ఉన్నాయని లక్షలు పోసి కంట్రోలర్ కొనడం ఏం తెలివి?

ఇక వైర్లు మెలిక పడటం. చైన్ల మీద నడిచే మామూలు హిటాచీలో ఇంజిన్, పంపులు, క్యాబిన్, కంట్రోలర్లు అన్నీ పైభాగంలోనే ఉంటాయి. అవన్నీ కలిసే తిరుగుతాయి. కిందికి పోయేది ఆయిలే, అదీ సెంటర్ జాయింట్ (పైభాగం తిరుగుతున్నా కిందికి ఆయిల్ పంపే కీలు) గుండా. మరి మెలిక పడటానికి వైరు ఎక్కడుంది? అరిగేది వేరే చోట. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద అదురుతూ ఉంటే ఫ్రేము కదలదు, కాబట్టి ఇంజిన్ నుంచి ఫ్రేముకు వచ్చే హార్నెస్ క్లిప్పు దగ్గర రాసుకుంటుంది. క్యాబిన్ ఫ్లోర్ కింద, పంపు పక్క పైపుల మీద కూడా అంతే. క్వారీలో పని చేసిన బండి అయితే కప్లర్లు విప్పండి. గ్రానైట్ పొడి, ప్రెషర్ వాష్ నీళ్లు కలిసి లోపలికి పోతే పిన్ను మీద పచ్చటి పొర కడుతుంది. ఒక్కోసారి పిన్ను శుభ్రంగానే ఉంటుంది కానీ వెనక్కి జారి ఉంటుంది, పక్క పిన్నులతో ఎత్తు పోల్చి చూస్తేనే తెలుస్తుంది. మామిడి తోట పక్కన నెలల తరబడి నిలబెట్టిన బండిలో ఎలుకల పని సరేసరి. వెతకడం దండగ కాదు. ఒకరు మీటర్ పట్టుకుని, ఇంకొకరు హార్నెస్ ఊపుతూ పోతే, అంకె ఎగిరిన చోటే తప్పు.

బ్యాటరీ చిట్కా మాత్రం నాకు కోపం తెప్పించింది, అది అమ్మేవాడికే లాభం కాబట్టి. వైరు పీకి పెడితే స్క్రీన్ మీది గుర్తు పోవచ్చు, తప్పు ఎక్కడికీ పోదు. చాలా బండ్లలో పాత కోడ్‌లు ఎన్నిసార్లు వచ్చాయో, ఏ అవర్ మీటర్ దగ్గర వచ్చాయో మెమరీలో ఉంటాయి. ల్యాప్‌టాప్‌తో వాటినీ తుడిచేసే అవకాశం ఉంది. అంతా ఖాళీగా కనబడితే అదే అనుమానించాల్సిన విషయం. పొద్దున చల్లటి ఇంజిన్‌తో యార్డులో రెండు చక్కర్లు తిప్పితే లూజు పిన్ను దొరకదు. ఆయిల్ బాగా కాగేదాకా, బకెట్ నిండా రాయి ఎత్తించి, స్వింగ్ కొట్టించి చూడాలి. “అన్నా, పొద్దుపోతా ఉంది” అని తొందర పెడితే రేటు మాట్లాడకండి.

చివరిది వేరే బండి కంట్రోలర్. అందులో ఆ బండి మోడల్‌కు తగ్గ ప్రోగ్రాం, సెట్టింగులు ఉంటాయి. చాలా బండ్లలో దాన్ని తెచ్చి బిగించినంత మాత్రాన సరిపోదు, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో మన మోడల్, సీరియల్ నంబరు ఎక్కించాలి. లేకపోతే ఇంకో కోడ్ తోడవుతుంది. కంట్రోలర్ అసలు పోదని కాదు. బకెట్‌కు పళ్లు అతికేటప్పుడు బ్యాటరీ తీయకుండా, వెల్డింగ్ ఎర్త్ ఎక్కడో చైను దగ్గర తగిలించేవాళ్లు ఉన్నారు. ఆ కరెంటు కంట్రోలర్‌లోంచి దారి వెతుక్కుంటే అది పోతుంది. నీళ్లు దూరినా పోతుంది. లైను బాగుండి, ప్లస్, ఎర్త్ లోడ్ మీద నిలిచి, అయినా ఆ ఒక్క పెట్టే పలకకపోతే అప్పుడు మార్చండి. మార్చే ముందు దానిలో ప్రోగ్రాం ఎక్కించేది ఎవరు, ఎంత తీసుకుంటారు అన్నది రాయించుకుని, తర్వాతే అడ్వాన్స్ ఇవ్వండి.