హార్బర్ ఊళ్లో దిగి టూరిస్టు బస్సెక్కేవాళ్లతో నా గొడవ

చేతిలో ఒక్క రోజే ఉండి, హార్బర్ ఉన్న ఊళ్లో దిగీ దిగగానే పైకప్పు లేని టూరిస్టు బస్సు కోసం పరిగెత్తేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి సెలవు వాళ్లిష్టం అంటారా, సరే. కానీ పొద్దున్నుంచి సాయంత్రందాకా పదిహేను స్పాట్లు కవర్ చేశామని ఫొటోలు పెట్టి, పైగా నడిచి తిరిగినవాళ్ల మీద "అంత ఎండలో ఏం ఖర్మ" అని జాలిపడితే మాత్రం ఊరుకోలేను. ఎక్కే గుమ్మం దిగే గుమ్మం తప్ప ఆ రోజంతా మీరు చూసిందేమిటి?

దూరాలు ఎక్కువున్న మైదానపు నగరమైతే బస్సు కావాల్సిందే, ఒప్పుకుంటాను. రేవు పట్టణం సంగతి వేరు. అక్కడ ముందు జెట్టీ వచ్చింది. దాని వెనక గోదాములు, పక్కన కస్టమ్స్ ఆఫీసు, ఇంకాస్త లోపలికి బ్యాంకులు, ఓడ దిగినవాళ్ల కోసం తాగుడు కొట్లు, మొక్కులు చెల్లించుకోవడానికి గుళ్లూ చర్చిలూ. కూలీ బస్తా భుజాన వేసుకుని మోయగలిగిన దూరంలోనే చాలావరకు ఇవన్నీ లేచాయి. అలాంటి ఊరికి మనిషి నడకే కొలత. దాన్ని బస్సు మీంచి చూస్తే అర్థం కాదు.

న్యూయార్క్‌నే తీసుకోండి. మన్‌హట్టన్ దక్షిణపు కొసన పెర్ల్ స్ట్రీట్ ఒకప్పుడు ఈస్ట్ రివర్ ఒడ్డు. మట్టి పోసి నీటిని పూడ్చేకొద్దీ ముందు వాటర్ స్ట్రీట్, తర్వాత ఫ్రంట్ స్ట్రీట్, ఆ తర్వాత సౌత్ స్ట్రీట్ వచ్చాయి. ఆ నాలుగు వీధులూ దాటడానికి కొన్ని నిమిషాలు చాలు, ఆ కాస్త నడకలో పాత ఒడ్లన్నీ మీ కాళ్ల కిందే వెళ్లిపోతాయి. హాంకాంగ్‌లో క్వీన్స్ రోడ్డు నుంచి రేవు వైపు దిగినా ఇదే వరస. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే ఇంకా విడ్డూరం. 1849లో బంగారం పిచ్చితో వచ్చినవాళ్లు ఓడల్ని అక్కడే వదిలేసి గనుల వైపు పరిగెత్తారు. కొన్ని ఓడల్ని గోదాములుగా వాడుకున్నారు, ఒకదాన్ని హోటల్ కూడా చేశారు. తర్వాత ఆ తీరాన్నే పూడ్చేశారు. ఇవాళ్టి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కింద ఆ ఓడల అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటి చోట ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగిన బస్సులో, చెవిలో రికార్డింగ్ పెట్టుకుని కూర్చుంటారా?

"ఎత్తులు ఎక్కలేమండీ" అంటారు. నిజమే, చాలా హార్బర్ ఊళ్లలో ఎత్తులుంటాయి. పెద్ద ఓడ నిలవాలంటే ఒడ్డు దగ్గరే లోతు కావాలి, అలాంటి లోతు తరచుగా కొండల పక్కనే దొరుకుతుంది. సిడ్నీ హార్బర్ అసలు సముద్రం పెరిగి మునిగిపోయిన నదీలోయ. అయితే ఎక్కలేని బాధ మనకంటే ముందు అక్కడ కాపురం ఉండేవాళ్లది కదా, వాళ్లే దారి చూసుకున్నారు. చిలీలోని వాల్పరైసోలో 1883 నుంచీ కొండవాలు మీద పట్టాలపై నడిచే లిఫ్టులున్నాయి. ఇటలీలోని జెనోవాలో పాత ఊరి సందుల్లోంచి పైకి చేర్చే పబ్లిక్ లిఫ్టులున్నాయి. హాంకాంగ్‌లో 1993లో మొదలైన ఎస్కలేటర్ల వరస దాదాపు 800 మీటర్లు. ఉదయం పదింటిదాకా జనాన్ని ఆఫీసులకు దింపుతుంది, ఆ తర్వాత పైకి తిరుగుతుంది. కాబట్టి పది దాటాక వెళ్లండి, టెన్షన్ లేదు. ఈ సందుల్లోకి టూరిస్టు బస్సు దూరనే దూరదు.

నగరాల మీదా నాకు కోపం ఉంది. పనిచేసే రేవు చుట్టూ కంచె వేశారంటే అర్థముంది, 2004 నుంచి అంతర్జాతీయ భద్రతా నియమాలు వచ్చాయి, రోడ్డున పోయేవాళ్లని రానివ్వరు. కానీ రేవు ఖాళీ అయిన చోట అడ్డమేమిటి? 1956లో అమెరికాలో ఐడియల్-ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో, అంటే సరుకు నింపిన పెద్ద పెట్టెలతో, న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ వెళ్లింది. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకాక, అంత పెద్ద యార్డులు ఊరి మధ్య పట్టక చాలా రేవులు దూరం జరిగాయి. వదిలేసిన ఒడ్డు మనుషులకు దక్కాలి కదా? చాలాచోట్ల ముందు దక్కింది కార్లకి, ఖరీదైన ఫ్లాట్లకి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒడ్డు వెంబడి ఫ్లైఓవర్‌లా కట్టిన ఎత్తు రోడ్డుని కూల్చాలంటే 1989 భూకంపం రావాల్సి వచ్చింది. జెనోవాలో అలాంటి రోడ్డే ఇంకా ఊరికీ నీటికీ మధ్య నిలబడి ఉంది. దాని కింద నుంచి నడిచి పాత రేవుకి చేరాలి.

ఇంకో మాట, హార్బర్ క్రూజ్ టికెట్ల గురించి. మైకులో జోకులు వింటూ గుండ్రంగా తిరిగి వచ్చిన చోటే దిగడానికి అంత డబ్బెందుకు? ఊరివాళ్లు పనులకు వెళ్లే ఫెర్రీ ఎక్కండి. ఇస్తాంబుల్‌లో ఎమినోను నుంచి కడికోయ్‌కి అలాంటి ఫెర్రీ ఎక్కితే యూరప్ నుంచి ఆసియాకి వెళ్లినట్టే. అవతల దిగి మళ్లీ నడవచ్చు. హాంబర్గ్‌లో పడవ కూడా అక్కర్లేదు, ఎల్బే నది అడుగున 1911లో తెరిచిన 426 మీటర్ల సొరంగంలో నడిచి అవతలి ఒడ్డుకి పోవచ్చు. కాలినడకకి టికెట్ లేదు. సిడ్నీ హార్బర్ బ్రిడ్జి మీద కూడా తూర్పు అంచున నడకదారి ఉచితమే, ఒపెరా హౌస్ ఆ వైపే కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లనీ, చంటిపిల్లలతో వచ్చినవాళ్లనీ నేనేమీ అనడం లేదు, వాళ్లు హాయిగా బస్సెక్కండి. మిగతావాళ్లు మాత్రం లిస్టులో పదిహేను ఉంటే పదకొండు కొట్టేయండి. పొద్దున్నే నీటి అంచున మొదలుపెట్టండి, ఎండ ముదిరాక పాత ఊరి ఇరుకు సందుల్లోకి పోండి, అక్కడ నీడుంటుంది. సాయంత్రం ఫెర్రీ ఎక్కండి. మ్యూజియం వదిలేసినా కొంపలేమీ మునగవు. ఓడ ప్రయాణం మధ్యలో రేవులో ఆగిన ఎనిమిది గంటల్లో నాలుగు గంటలు బస్సు క్యూలో, మరో గంట గిఫ్టు షాపులో పెట్టి, తిరిగొచ్చి "ఆ ఊళ్లో పెద్దగా ఏం లేదు" అనేవాళ్లు ఈ పోస్టు కింద నాతో వాదనకి రావచ్చు.