నిమిషానికి ఏడేళ్లు

చారిత్రక నగరాల విషయంలో మనవాళ్లలో ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. వాటిని చూడాలంటే వారం పది రోజులు కావాలట, ముందుగా నాలుగు పుస్తకాలు చదవాలట, సందుల్లో కాళ్లరిగేలా తిరగాలట. పనిలేనివాళ్లు పుట్టించిన మాట ఇది. ఆఫీసు ఖర్చు మీద మొట్టమొదటిసారి దేశం దాటి, హోటల్ హాల్లో మీటింగులన్నీ భరించి, ఆఖరి రోజు సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఇస్తాంబుల్ చూసొచ్చిన ఉద్యోగికి ఆ నగరం గురించి ఉన్నంత స్పష్టత ఏ చరిత్రకారుడికీ లేదని సవినయంగా నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మీటింగుల సంగతి వదిలేద్దాం. ఆ హాలు ఏ దేశంలో కట్టినా ఒకేలా ఉంటుంది. కిటికీలుండవు, ఏసీ తగ్గదు, ప్రొజెక్టర్ పలకదు. విదేశం వచ్చామన్న సంగతి మెడలో వేలాడే బ్యాడ్జీ చూసుకుంటే తప్ప గుర్తుకు రాదు. కాబట్టి చరిత్ర ఏమైనా జరిగితే ఆ నాలుగు గంటల్లోనే జరగాలి.

ఇక లెక్కకు వద్దాం. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఈ ఊరిని తన కొత్త రాజధానిగా ప్రతిష్ఠించింది 330 మే 11న. అంటే ఇప్పటికి దగ్గర దగ్గర 1,700 ఏళ్లు. మన చేతిలో ఉన్నవి 240 నిమిషాలు. భాగించి చూసుకుంటే నిమిషానికి ఏడేళ్లు. అంతకు ముందు కూడా అక్కడ బైజాంటియన్ అనే గ్రీకు పట్టణం దాదాపు వెయ్యేళ్లు ఉందంటారు. దాన్ని కూడా కలుపుకుంటే భోజనం మానుకోవాల్సి వస్తుంది కనుక కలపలేదు.

ఈ రేటు చేతికి వచ్చాక చరిత్ర ఎంత తేలికైపోతుందో చూడండి. బస్సు ఆరింటికి కదలాలి. ఎవరో ఫోన్ చార్జర్ మరిచిపోయామని గదికి వెళ్లి వచ్చేసరికి పది నిమిషాలు. డెబ్భై ఏళ్లు ఖర్చు. కాన్‌స్టాంటైన్, ఆయన కొడుకులు, థియోడోసియస్ అందరూ లిఫ్ట్ కిందికి దిగేలోపు గతించారు. ఆరో శతాబ్దపు చక్రవర్తి జస్టినియన్ 6 గంటల 28 నిమిషాలకు సింహాసనమెక్కి 6:33కి కన్నుమూశాడు. ఆ అయిదు నిమిషాలూ బస్సు ఒకే సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. 1453లో ఒట్టోమన్ తురుష్కుల సుల్తాన్ రెండో మెహ్మెద్ ఇదే నగరాన్ని 53 రోజులు ముట్టడించాడు. గోల్డెన్ హార్న్ అనే పాయకు అడ్డంగా గొలుసు కట్టేస్తే, ఓడల్ని గుట్ట మీదుగా లాగించి అవతల నీళ్లలో దింపాడు. డ్రైవర్‌కి అంత చొరవ ఉంటుందని ఆశించడం మనదే అత్యాశ.

పాత నగరం నడిబొడ్డయిన సుల్తానహ్మెత్‌లో బస్సు దిగేసరికి ఏడు. అంటే ఎనిమిదో శతాబ్దం సగం అయిపోయింది.

ఎదురుగా హగియా సోఫియా. జస్టినియన్ 532లో మొదలుపెట్టించి 537కల్లా పూర్తి చేయించాడు. మన రేటు ప్రకారం నిమిషం లోపు పని. కట్టడానికే నిమిషం పట్టనిదాన్ని చూడటానికి గంట కావాలనడం ఎక్కడి న్యాయం? చర్చిగా పుట్టి, 1453లో మసీదై, 1934 నాటి నిర్ణయంతో మ్యూజియమై, 2020లో తిరిగి మసీదైంది. 2024 నుంచి విదేశీ సందర్శకులకు పై గ్యాలరీకి 25 యూరోల టికెట్ పెట్టారు. ఆ అంకె వినగానే గుంపులో చాలామందికి కట్టడాన్ని బయటి నుంచి చూడటంలోని గొప్పదనం బోధపడింది. బయట ఉంటే మొత్తం కనిపిస్తుంది, లోపలికి వెళితే లోపలే కదా కనిపించేది అని అకౌంట్స్ విభాగం వారు తేల్చారు. తిరుగులేని వాదన.

టికెట్ కొన్న కొద్దిమందీ మాత్రం ఒక పుణ్యం కట్టుకున్నారు. ఆ గ్యాలరీలో పాలరాతి పిట్టగోడ మీద మన మూలపురుషుడి సంతకం ఉంది. సుమారు తొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో ఉత్తర యూరప్ నుంచి వచ్చిన ఒక వైకింగ్ యోధుడు, తమ రూనిక్ లిపిలో గీకి వెళ్లాడు. అరిగిపోగా మిగిలిన అక్షరాలను బట్టి పండితులు చదవగలిగింది హాఫ్దాన్ అన్న పేరొక్కటే. ఆ మనిషిని తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తల పైన యాభై మీటర్లు దాటిన ఎత్తులో, ఆకాశం నుంచి వేలాడదీశారా అన్నట్టున్న గుమ్మటం. చుట్టూ బంగారు మొజాయిక్‌ల మెరుపు. ఆయన దృష్టి మాత్రం చేతికందే రాయి మీద. హాఫ్దాన్‌కి ఫోన్ లేదు కనుక గోడకు ఎదురుగా నిలబడాల్సి వచ్చింది. మనకు ఉంది కనుక గోడకు వీపు పెట్టి నిలబడతాం. పదకొండు వందల ఏళ్లలో మానవజాతి సాధించిన ప్రగతి ఇదని ఒప్పుకోక తప్పదు.

పక్కనే హిప్పోడ్రోమ్. ఒకప్పుడు రథాల పందేలు జరిగిన మైదానం, ఇప్పుడు ఖాళీ చౌరస్తా. సావనీర్ల చరిత్రలో ఇంతటి పుణ్యక్షేత్రం మరొకటి లేదు. డెల్ఫీ ఆలయం నుంచి కంచు సర్పస్తంభం తెప్పించుకున్నది కాన్‌స్టాంటైన్. ఈజిప్టు కర్నాక్ నుంచి వచ్చిన ఏకశిలా స్తంభాన్ని 390లో ఇక్కడ నిలబెట్టించింది థియోడోసియస్. 1204లో నాలుగో క్రూసేడ్ అనే మతయుద్ధం పేరుతో పశ్చిమ యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి నాలుగు కంచు గుర్రాలను వెనిస్‌కు పట్టుకుపోయారు. బ్యాగేజీకి బరువు పరిమితి లేని బంగారు రోజులవి. ఇప్పుడు ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతపు బిళ్లతో సరిపెట్టుకుంటున్నాం. దానికీ బేరమాడతాం. ఆ క్రూసేడర్ల పాలన 57 ఏళ్లు సాగింది. 8:04 నుంచి 8:12 దాకా. గ్రూప్ ఫోటోలో అందరూ ఒకేసారి కళ్లు తెరవడానికి సరిగ్గా అంతే పట్టింది.

కాన్‌స్టాంటినోపుల్, అంటే ఇదే ఊరు, 8:38కి మెహ్మెద్ చేతిలో పడిపోయింది. అప్పటికి అందరం భోజనాల బల్ల దగ్గర ఉన్నాం. ఒట్టోమన్ సామ్రాజ్యం మొత్తం భోజనంలోనే గడిచింది. సులేమాన్ 46 ఏళ్ల పాలన వెయిటర్ ఆర్డర్ రాసుకునేలోపు ముగిసింది. ఆరు మినార్ల నీలి మసీదు కబాబ్‌తో పాటు వచ్చింది. సుల్తానుల పాలన రద్దయ్యేసరికి 9:45, బిల్లు ఎవరు కట్టాలన్న చర్చ నడుస్తోంది. తర్వాతి టర్కీ గణతంత్రానికి మిగిలింది పదిహేను నిమిషాలు. అందులో పది బాత్రూమ్ క్యూకి పోయాయి.

హోటల్‌కి వెళ్లే దారిలో బాస్ఫరస్ జలసంధి అవతల దీపాలు కనిపించాయి. అది ఆసియా ఒడ్డని గైడ్ చెప్పగానే బస్సంతా ఒకవైపుకు ఒరిగింది. ఆసియాలో పుట్టి, ఆసియాలో పెరిగి, గంటల తరబడి విమానంలో వచ్చిన మనుషులు కిటికీ అద్దానికి ఫోన్లు ఆనించి ఆసియాని ఫోటో తీసుకున్నారు. ఫోటో వచ్చిందంటే చేరినట్టే. ఒక్క సాయంత్రంలో రెండు ఖండాలు అయిపోయాయి.

తిరిగొచ్చాక ఈ జ్ఞానం సమాజానికి చేరుతుంది. ఇస్తాంబుల్‌లోనే పుట్టిన ఎవ్లియా చెలెబి అనే పదిహేడో శతాబ్దపు యాత్రికుడు పది సంపుటాలు రాసి, మొదటి సంపుటమంతా సొంత ఊరికే ఖర్చు పెట్టాడు. పాపం, క్లుప్తత తెలియదు. మనవాళ్లు మూడు వాక్యాల్లో తేల్చేశారు: పిల్లులు ఎక్కువ, టీ గ్లాసులు చిన్నవి, మసీదులు బాగున్నాయి. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఫోటో చూపిస్తారు. ఫోటోలో ముఖం ఉంటుంది, ముఖం వెనక పోల్చుకోవాల్సినంత గోపురం ఉంటుంది.

దీనికి పూర్తి విరుద్ధమైన కేసు ఒకటి మా ఆఫీసులోనే ఉంది. నిరుడు ఒకాయన సెలవు పెట్టి, సొంత డబ్బుతో, అదే ఊళ్లో వారాల తరబడి ఉండి వచ్చాడు. ఇస్తాంబుల్ ఎలా ఉందని అడిగితే కాసేపు ఆలోచించి, ‘ఏ ఇస్తాంబుల్ గురించి అడుగుతున్నారు?’ అన్నాడు. వచ్చే ఏడాది టూర్ కమిటీలోంచి ఆయన పేరు తీసేశారు.