మటన్ మానేస్తే పుణ్యం, చికెన్ తింటే పర్యావరణమట!

ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్ల గ్రూపుల్లో పొద్దున్న లేస్తే ఇదే ఫార్వర్డ్: "మటన్ మానండి, చికెన్ తినండి, భూమి చల్లబడుతుంది. కోడి చిన్న ప్రాణి, దానికి బాధ తెలియదు. చేపకు అసలే తెలియదు. చీజ్‌తో ఏ నష్టమూ లేదు." పంపేవాళ్లలో సగంమంది నాకు బాబాయిలు, పిన్నులే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే చెప్తున్నాను.

మొదటి ముక్క తప్పేం కాదు. 2018లో సైన్స్ పత్రికలో పూర్, నెమెచెక్ వేసిన లెక్కలో 100 గ్రాముల ప్రోటీన్‌కు గొర్రెమాంసం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. కోడిది 6 లోపే.

చీజ్? అదే లెక్కలో 11. కోడికి దాదాపు రెట్టింపు. అయిపోయింది.

చేపకు తెలియదా? మరి గట్టున పడేస్తే గిలగిల్లాడేది సరదాకా?

ఇక కోడి. చిన్న ప్రాణి కావడమే అసలు చిక్కు. ఒక్క మేకకు పది, పన్నెండు కిలోల మాంసం వస్తుంది. అంత కావాలంటే ఏడెనిమిది బ్రాయిలర్లు కొయ్యాలి. పోనీ, అవి ఎలా బతికాయి? మన గంజాం మేకను గొల్లలు ఊరూరా తోలుకెళ్తారు. ఆకూ అలమూ మేస్తుంది, ఎండా వానా చూస్తుంది. బ్రాయిలర్‌కు ఆరు వారాలే ఆయుష్షు. కండ గబగబా పెరగాలని తయారుచేసిన జాతి, కాళ్లు ఆ బరువు మోయలేవు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే కోళ్ల వ్యాన్ వెనక ఓసారి బండి మీద వెళ్లండి బాబాయ్. ట్రేల్లో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, రొమ్ము మీద ఈకలూడి చర్మం ఎర్రగా కమిలి, నోరు తెరిచి రొప్పుతుంటాయి. కొట్టు దగ్గర కాళ్లు పట్టి, తలకిందులుగా గుత్తిలా దింపుతారు.

బాధ తెలియదట! మామూలు మేతా, నొప్పి మందు కలిపిన మేతా రెండూ పెడితే, కుంటుతున్న బ్రాయిలర్లు మందున్న మేతే ఎక్కువ తిన్నాయని బ్రిటన్ పరిశోధకులు 2000లోనే చూపించారు. కోడికి తెలిసింది, ఫార్వర్డ్ రాసినాయనకు తెలియలేదు.

అలాగని మేకను వెనకేసుకురాలేను. కొండల్లో హాయిగా తిరిగిందని దాని త్రేన్పుల్లో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు తగ్గదు. పైగా నిదానంగా పెరుగుతుంది కాబట్టి ఎక్కువ కాలం త్రేనుస్తుంది. వాతావరణం ఒక్కటే తూకమైతే ఫార్వర్డ్‌దే గెలుపు.

కానీ మటన్ ధరకు భయపడి ఎప్పుడో ఓసారి తెచ్చుకునే ఇళ్లల్లో చికెన్ వారానికి మూడుసార్లు ఉడుకుతోంది. మటన్ సగానికి తగ్గించి, ఆ ఖాళీలో చికెన్ కాకుండా పప్పూ కూరగాయలూ కలిపి వండే దాల్మా పెట్టుకుంటే మేకా మిగులుతుంది, కోడీ మిగులుతుంది. పప్పులకు ఆ లెక్కలో 1 కూడా రాదు. ఫార్వర్డ్‌లో ఈ ముక్క మాత్రం ఎక్కడా లేదు. చికెన్ కొట్టాయనే రాశాడేమో!